వేళ్ల అవధానం

పలాస జీడిపప్పు గుప్పెట్లోకి తీసుకున్నప్పుడల్లా దాన్ని ఏరిన చేతులు గుర్తొస్తాయి. పౌండుకు 180, 210, 240, 320 గింజలంటూ గ్రేడ్లు. వాటి మధ్య తేడా రవ్వంత. బల్లల ముందు కూర్చున్న ఆడవాళ్లు తూకం లేకుండానే గుండు, బద్ద, ముక్క వేరు చేస్తారు. ఆలోచన పుట్టేలోపే వేలు తీర్పు చెబుతుంది.

ఈ నేర్పు చూస్తే అవధానం గుర్తొస్తుంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు కవి ఏకాగ్రతను పరీక్షిస్తారు. పద్యం అల్లుతూనే అప్రస్తుత ప్రసంగానికి బదులివ్వాలి, గంట మోతలు లెక్కపెట్టాలి. ఆ ధారణకు సభ చప్పట్లు కొడుతుంది. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడిపప్పు ఏరే ఈ తల్లులూ అంతే. పిల్లల చదువు, ఇంట్లో కిడ్నీ జబ్బుతో ఉన్న మనిషి మందులవేళ మనసులో మోస్తూనే చేతిలో గింజను తప్పనివ్వరు.

జ్ఞాపకశక్తి పెరిగే దారి ఎక్కడెక్కడో వెతుకుతాం. రోజూ చేసే పనిలో మనసు నిలపడమే ఆ సాధన అనిపిస్తుంది. ఆ శ్రద్ధను విద్యగా గుర్తించి గౌరవించడం మన వంతు.