లక్ష కిలోమీటర్లు దాటాక

సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ ఎక్స్5 చవగ్గా వస్తోందని మిత్రులు తెగ ఊరిస్తున్నారు. బండి రేటు పడిపోతుంది సరే, స్పేర్ పార్టుల రేటు పడిపోదు కదా! ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడితే ఎలా?

ఇంజనాయిల్ అందరికీ గుర్తుంటుంది. మర్చిపోయేది గేర్‌బాక్స్ ఆయిలే. "అది జీవితాంతం మార్చక్కర్లేదండీ" అంటారు. ఎవరి జీవితాంతం? ఆ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ని తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లకు మార్చమంటుంది.

బ్రేక్ ఫ్లూయిడ్‌కి మీటర్‌తో పనిలేదు. బండి షెడ్డులో ఉన్నా తేమ పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చకపోతే, తిరుమల ఘాట్ దిగేటప్పుడు వేడికి పెడల్ మెత్తబడొచ్చు.

ఎయిర్ సస్పెన్షన్ ఉందా? పొద్దున్నే స్టార్ట్ చేయకముందు నాలుగు చక్రాల పైన ఖాళీ చూడండి. ఒక మూల కుంగితే అక్కడి రబ్బరు బెలో గాలి వదిలేస్తున్నట్టే అనుకోండి. వెంటనే చూపిస్తే దానితో పోతుంది. నాన్చితే, గాలి నింపీ నింపీ కంప్రెసర్ కూడా పోతుంది.

కొనేవాళ్లు సన్‌రూఫ్ తర్వాత చూసుకోండి, ముందు పాత సర్వీసు బిల్లులు అడగండి. బిల్లుల్లేవంటే బేరం కూడా లేదు!