3.67 శాతం వెనక లెక్క

వియన్నాకు కొత్తగా వచ్చే యువ దౌత్యవేత్తలకు అణు విధానం నేర్పడం నా పని. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంజనీరుగా మొదలై ఇటు వచ్చాను. నా తరగతిలో ఎక్కువమంది చిన్న దేశాలవాళ్లు. వాళ్ల రాయబార కార్యాలయంలో ఉండేదే ఇద్దరు ముగ్గురు. పొద్దున అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశం, మధ్యాహ్నం మాదకద్రవ్యాల చర్చ, రెండింటికీ ఒక్కరే వెళ్లాలి. న్యాయశాస్త్రమో చరిత్రో చదువుకుని వచ్చినవాళ్లు, యురేనియం ప్రస్తావన రాగానే అది నిపుణుల వ్యవహారమని పక్కకు తప్పుకుంటారు. ఆ అలవాటు మాన్పించాలన్నదే నా పట్టుదల.

అందుకే ఒప్పందాల చరిత్ర తర్వాతికి ఉంచి, ముందు లెక్క చేయిస్తాను. సహజ యురేనియంలో యురేనియం-235 ఉండేది 0.7 శాతమే. బాంబుకు దాన్ని 90 శాతం దాకా పెంచుతారు. 4 శాతం దగ్గర ఆగినవాళ్లు ఎక్కడో మొదట్లోనే ఉన్నారనిపిస్తుంది. యురేనియాన్ని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులు పడే శ్రమను లెక్కకట్టి చూస్తే మాత్రం అక్కడికే దాదాపు మూడింట రెండు వంతులు అయిపోయి ఉంటుంది. 20 శాతానికి చేరితే పదింట తొమ్మిది వంతులు. ఈ లెక్క తమ చేత్తో వేశాక తరగతి నిశ్శబ్దమైపోతుంది. 2015 ఇరాన్ అణు ఒప్పందంలో 3.67 శాతం, 300 కిలోలు అన్న హద్దుల కోసం అంతగా ఎందుకు పెనుగులాడారో అప్పుడు నేను విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు.

ఆ చర్చల్లోనే ఇంకో సంగతి ఉంది. 2015 ఆరంభంలో సాంకేతిక అంశాల దగ్గర చిక్కుముడి పడినప్పుడు, అమెరికా ఇంధన మంత్రి ఎర్నెస్ట్ మోనిజ్‌ను, ఇరాన్ అణుశక్తి సంస్థ అధిపతి అలీ అక్బర్ సలేహీని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. మోనిజ్ భౌతిక శాస్త్రవేత్త. 1970లలో ఆయన ఎంఐటీలో పాఠాలు చెబుతున్నప్పుడే సలేహీ అక్కడ డాక్టరేట్ చేస్తున్నారు. వాళ్లిద్దరి మధ్య మాట సాగింది. ఆంక్షల సంగతి తేల్చడానికి విదేశాంగ మంత్రులు ఎలాగూ కావాలి. కానీ విజ్ఞానం, దౌత్యం అనే ఈ రెండు విద్యలూ మంత్రి స్థాయికి వచ్చాకనే కలవాలని ఎందుకు ఎదురుచూడాలి? పాతికేళ్ల వయసులోనే కలవకూడదా?

నిరాయుధీకరణలో యువతకు చోటివ్వాలని 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ తీర్మానించింది. ప్రతిపాదించింది దక్షిణ కొరియా. మంచి పనే. అయితే చోటివ్వడమంటే వేదిక మీద అయిదు నిమిషాలు మాట్లాడనివ్వడమని నేను అనుకోను. ముసాయిదా రాసే గదిలోకి రానివ్వాలి. తమ ప్రతినిధి వెనక కుర్చీలో కూర్చుని, ఏ వాక్యానికి ఏ దేశం ఎందుకు అడ్డుపడుతోందో రాసుకోనివ్వాలి. ఈ పని అలాగే ఒంటబడుతుంది.

హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ పిల్లలు అడుగుతుంటారు: "మేడమ్, ఫిజిక్స్ చదవాలా, పొలిటికల్ సైన్సా?" ఏదైనా పరవాలేదు, రెండోదానికి భయపడొద్దంటాను. అణు విషయాల్లో ఎంఏ, ఎమ్మెస్సీ చేసే అమ్మాయిలకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2020లో మేరీ క్యూరీ పేరిట ఫెలోషిప్ మొదలుపెట్టిందని చెబుతాను. ఈలోగా ఒక పని అప్పజెబుతాను. ఇరాన్‌పై ఆ సంస్థ నివేదికలు వెబ్‌సైట్‌లో ఉన్నాయి. 2018లో అమెరికా ఒప్పందం వదిలేసింది. 2021 ఏప్రిల్‌కల్లా ఇరాన్ శుద్ధి 60 శాతానికి చేరింది. ఆ మధ్యకాలపు నివేదికలు వరుసగా చదివి, ఏ అడుగు తర్వాత ఏ అడుగు పడిందో ఒక్క పేజీలో రాసి పంపమంటాను.