రెండో భుజం

జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ రెండోసారి రాదు. తలంబ్రాలైతే కాసేపు సాగుతాయి, ఒక దోసిలి తప్పినా ఇంకో దోసిలి దొరుకుతుంది. అడ్డుతెర దిగేటప్పుడు మాత్రం అంతా రెండు మూడు సెకన్ల పని. అయ్యవారు చెయ్యి ఊపుతాడు, గట్టిమేళం మోగుతుంది, అక్షింతలు వానలా పడతాయి. పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో నలభై ఏళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నాను. ఆ మేళం వింటే ఇప్పటికీ నా వేళ్లు బిగుసుకుంటాయి.

కిందటి మూఢంలో మా అక్క కొడుకు స్టూడియోకు వచ్చాడు. తొమ్మిది సీజన్లు నా పక్కన లైటు పట్టుకున్న పిల్లోడు. ఆ ఏడు టమోటాకు మంచి రేటు పలికింది, ఇంట్లో డబ్బు ఇస్తామన్నారు.

"సొంతంగా మొదలుపెడతా మామా. నలభై ఐదు మెగాపిక్సెల్‌ కెమెరా ఒకటి చూసినా. యా బాడీ తీసుకోవాల్నో నువ్వే చెప్పు."

నేను వెంటనే జవాబు చెప్పలేదు. బల్ల మీద ఉన్న ఒక ఆల్బమ్ అతని ముందుకు జరిపాను. వారం ముందు తుగ్గలి వైపు పల్లె నుంచి ఒకాయన తెచ్చిన కరిజ్మా ఆల్బమ్ అది. వాళ్ల అవ్వ పోయింది. పెద్దకర్మకు దండ వేయడానికి ఫోటో కావాలి. "అవ్వది వేరే ఫోటో యాడా లేదన్నా, దీంట్లోంచి తీసి పెద్దది చెయ్" అన్నాడు. ముప్ఫై మంది నిలబడిన గ్రూపు ఫోటోలో, రెండో వరసలో, ఎవరిదో భుజం వెనక సగం ముఖంతో ఉంది ఆ అవ్వ.

పెళ్లి ఫోటోగ్రాఫరు తీసే పోర్ట్రెయిట్ మన దగ్గర చాలాసార్లు ఇట్లాగే పుడుతుంది. పోర్ట్రెయిట్ తీయించుకుందామని స్టూడియో మెట్లెక్కిన ముసలివాళ్లు నా అనుభవంలో తక్కువ. వాళ్లు మనకు దొరికేది మనవరాలి పెళ్లిలోనే.

కాగితం తీసి లెక్క వేశాను. 24 మెగాపిక్సెళ్లంటే అడ్డంగా 6000 చుక్కలు, నిలువుగా 4000. వరసకు పదిమంది చొప్పున మూడు వరసలు నిలబెడితే మనిషికి అడ్డంగా వచ్చేది 600 చుక్కలు. అందులో ముఖం వాటా 200, మహా అయితే 250. ఎనిమిదికి పది అంగుళాల ఫోటో బాగా అచ్చు కావాలంటే 2400కు 3000 చుక్కలు కావాలి. మరి నలభై ఐదు మెగాపిక్సెళ్ల బాడీ కొంటే? అడ్డంగా 6000 ఉన్నది 8256 అవుతుంది. అవ్వ ముఖం 250 నుంచి 340కి పెరుగుతుంది, అంతే.

"అయితే ఏం చేయాల మామా?"

"అవ్వ దగ్గరికి పోవాల."

ఎవరి ముఖం మిగులుతుంది, ఎవరిది మిగలదు అనుకున్నప్పుడు నాకు మన్రో గుర్తొస్తాడు. మా పత్తికొండలో ఆయన పేరు ఇంకా వినబడుతుంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జులై 6న ఇక్కడే కలరాతో పోయాడు. ఆయన జ్ఞాపకంగా తోపు పెంచి, రాతిమెట్ల బావి కట్టించారు. మార్టిన్ ఆర్చర్ షీ ఆయన బొమ్మ గీశాడు, చాంట్రీ చేసిన కంచు విగ్రహం గుర్రం మీద మద్రాసులో నిలబడి ఉంది. కాబట్టి ఆ దొర ముఖం మనకు తెలుసు. ఆ జులైలో ఆయనకు నీళ్లు అందించినవాళ్ల ముఖాలు, డేరాలు మోసినవాళ్ల ముఖాలు ఎట్లా ఉండేవో తెలిసే దారే లేదు. ఆ రోజుల్లోనే, 1826-27 ప్రాంతంలో, ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన కిటికీ ముందు కెమెరాలో లోహపు పలక పెట్టి ఇంటి కప్పుల నీడలు పట్టాడు. ఇప్పటిదాకా నిలిచిన తొలి కెమెరా ఫోటో అదే. బొమ్మ గీయించుకునే స్తోమత లేనివాళ్లకు కూడా ముఖం మిగిలే దారి అక్కడ మొదలైంది. ఆ దారి మా పల్లెల అవ్వల దాకా ఇంకా పూర్తిగా రాలేదని నాకు అనిపిస్తుంది.

నేను పని నేర్చుకున్నది యాషికా మ్యాట్ మీద. 120 రోలుకు 12 ఫోటోలు. అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందూ ఫిల్ము ఆచితూచి వాడేవాళ్లం. పన్నెండింటిలో అవ్వకు వాటా రాదు. ఇప్పుడు వేలల్లో తీస్తున్నాం, అయినా అవ్వకు వాటా రావడం లేదు. దానికి కారణం లెన్సు. పందిట్లో ఉన్నంతసేపూ 24-70 బిగించుకుని పెళ్లికొడుకు, పెళ్లికూతురి చుట్టూ తిరుగుతాం. స్తంభం పక్కన కూచున్న ముసలామె కోసం లెన్సు విప్పి, ముఖాలకు వాడే 85 పెట్టేలోపల అక్కడ మంగళసూత్రం వేళ అవుతుంది. పైగా మా గాలిలో, ఆ ఎర్రమన్ను దుమ్ములో లెన్సు విప్పితే సెన్సారు మీద మచ్చలు పడతాయి. మిర్రర్‌లెస్‌ కెమెరాలలో సెన్సారు ముందు అద్దం ఉండదు. చాలావాటిలో లెన్సు తీస్తే సెన్సారు నేరుగా గాలికే తెరుచుకుంటుంది.

అందుకే అతనికి చెప్పాను, ఒక గొప్ప బాడీ వద్దు, రెండు మామూలు బాడీలు తీసుకో, వాడినవైనా ఫరవాలేదు అని. ఒక భుజానికి 24-70, రెండో భుజానికి 85. రెండో భుజం ముసలివాళ్లది.

కార్డు స్లాట్ల దగ్గర మాత్రం నేను పట్టు వదల్లేదు. ప్రతి బాడీకీ రెండు ఉండాలి, ప్రతి ఫోటో రెండు కార్డుల్లోనూ పడాలి. 2018లో వచ్చిన నికాన్ జెడ్6కు, కేనన్ ఈఓఎస్ ఆర్‌కు ఒక్కటే స్లాటు. అదే ఏడు వచ్చిన సోనీ ఏ7 త్రీకి రెండు. 2020లో జెడ్6 టూ, కేనన్ ఆర్6 రెండేసి స్లాట్లతో వచ్చాయి. 2014 నాటి నికాన్ డీ750 పాతదే కానీ దానికీ రెండున్నాయి, ఒక బ్యాటరీకి వెయ్యి దాటి తీస్తుంది. మిర్రర్‌లెస్‌కు అదనపు బ్యాటరీలు జేబులో ఉండాల్సిందే.

ఒక పెళ్లిలో నా దగ్గర ఒకే స్లాటు బాడీ ఉండింది. ఇంటికొచ్చి చూస్తే కార్డు చదవలేదు. సగం ఫోటోలు వెనక్కి రాబట్టగలిగాను, కన్యాదానం రాలేదు. పిల్ల తండ్రి అల్లుడి కాళ్లు కడిగిన ఫోటోలన్నీ ఆ పోయిన సగంలోనే. సంక్రాంతికి ఆ తండ్రి చనిపోయాడు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల స్టూడియో ముందు ఆగి, "అన్నా, మా నాయన కాళ్లు కడిగేది ఏమన్నా దొరికిందా?" అని అడిగేది. ఆ కార్డు ఇంకా నా సొరుగులోనే ఉంది.

ఇక వెలుతురు సంగతి. మా ముహూర్తాలు చాలామటుకు తెల్లవారుజామునే. ఫుల్ ఫ్రేమ్ సెన్సారు 36కు 24 మిల్లీమీటర్లు, చిన్న సెన్సారు దాదాపు 23.5కు 15.6. వైశాల్యం లెక్కన రెండు రెట్లకు పైనే తేడా. ఫ్లాషు లేకుండా 6400 ఐఎస్ఓలో ముఖం ముఖంలా కనబడాలంటే ఆ తేడా అవసరమవుతుంది. కానీ మన ముఖాలను నలుపు చేసేది ఒక్క చీకటే కాదు. కెమెరా మీటరు ఎదుట ఉన్నదంతా సగటున బూడిద రంగని లెక్క కడుతుంది. తెల్లటి మధుపర్కాలు చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. చామనఛాయ పిల్ల నల్లబడిపోతుంది. తర్వాత ఆల్బమ్ డిజైన్ చేసేవాడు కంప్యూటర్లో తెల్లగా రుద్దుతాడు, పసుపు పూసుకున్న బుగ్గ సున్నం కొట్టిన గోడలా తేలుతుంది. ఆ పిల్ల పెద్దయ్యాక తన ఫోటోలో తనను తాను వెతుక్కోవాలి. ఇది అన్యాయం, నా స్టూడియోలో ఒప్పుకోను. మిర్రర్‌లెస్‌లో నాకు నిజంగా నచ్చింది ఇక్కడే, నొక్కకముందే ముఖం ఎంత నల్లగా పడుతుందో వ్యూఫైండర్లో కనబడుతుంది. బొటనవేలితో ఒక మెట్టు పెంచితే పిల్ల తన రంగులోకి వస్తుంది.

చివరికి కంపెనీ ఏదని అడిగాడు. ఆదోని, గుంతకల్లు, డోన్‌లలో నీ స్నేహితులు ఏది వాడుతున్నారో అదే తీసుకో అన్నాను. ముహూర్తం రోజు లెన్సు కింద పడితే హైదరాబాదులోని సర్వీసు సెంటరు ఆదుకోదు, పక్క ఊరి ఫోటోగ్రాఫరు బైకు మీద తెచ్చిచ్చే లెన్సు ఆదుకుంటుంది. అది మన బాడీకి బిగియాలి కదా.

హైదరాబాదు కోఠికి పోయి, వాడిన ఏ7 త్రీలు రెండు తెచ్చుకున్నాడు.

మాఘమాసంలో అతని తొలి పెళ్లికి నేను లైటు పట్టుకున్నాను. మంగళసూత్రం అయిపోయింది, మేళం తగ్గింది. మొదటి కెమెరా వెనక్కి తోసుకుని, రెండోది ముందుకు లాక్కుని పందిరి అంచుకు నడిచాడు. స్తంభానికి ఆనుకుని ఒక అవ్వ ఒక్కతే కూచుని ఉంది. అతణ్ని చూసి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకెందుకు నాయనా ఫోటో?"

అతను మాట్లాడకుండా ఆమె ఎదురుగా నేల మీద కూచున్నాడు. నన్ను లైటు ఆర్పమని సైగ చేశాడు. తూర్పు పక్క నుంచి తెల్లవారే వెలుతురు వస్తోంది. అవ్వ కాసేపు చూసి, చెంగు దించి, ముక్కుపుడక సర్దుకునింది.