ముందు బండి చూపించు

విజయవాడ వన్ టౌన్‌లో మా కొట్టుకి వచ్చే కుర్రాళ్లు "అన్నా, బండికి ఏ కెమెరా మంచిది?" అంటూనే లోపలికొస్తారు. ఏం బండి, ఎందుకు అని నేను ఎదురడుగుతాను. యూట్యూబ్‌లో పెట్టడానికా, లేక ఎవడో వచ్చి గుద్ది తప్పు నీదే అంటే చూపించడానికా? ఒకే కెమెరాతో రెండూ కానిచ్చేద్దామనుకునేవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు.

సాక్ష్యానికైతే డ్యాష్‌క్యామ్. ముందొక కన్ను, వెనకొక కన్ను, రికార్డరు సీటు కింద. తాళం తిప్పగానే దానంతటదే మొదలవుతుంది. కార్డు నిండితే పాతది చెరిపి కొత్తది ఎక్కించుకుంటుంది. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో రోజంతా తిరిగే డెలివరీ కుర్రాళ్లకి ఇదే చాలు. వైరు మాత్రం తాళంతో పాటు ఆగిపోయే లైనుకే కలపాలి. నేరుగా బ్యాటరీకి కలిపి నాలుగు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ కొట్టదు. మన మే నెల ఎండకి లోపల బ్యాటరీ బదులు కెపాసిటర్ ఉన్న రకం మేలు.

వీడియోలు తీసేవాళ్లకి యాక్షన్ కెమెరా. గోప్రోనా, డీజేఐనా, ఇన్‌స్టా360నా అని కొట్టు ముందు నిలబడి గంటలకొద్దీ వాదించుకుంటారు. నన్నడిగితే కంపెనీ సంగతి తర్వాత, ముందు అది ఎక్కడ కూర్చుంటుందో తేలాలి. హ్యాండిల్ మీదైతే ఇంజను అదురంతా బొమ్మలోకి ఎక్కుతుంది, బులెట్ అయితే చెప్పనే అక్కర్లేదు. హెల్మెట్ నెత్తిన పెడితే గాలికి మెడ లాగేస్తుంది. ఛాతీకి కట్టుకుంటే మీటరు, చేతులు బాగా వస్తాయి గానీ, స్పోర్ట్స్ బండి మీద వంగి కూర్చునేవాడికి ట్యాంకు తప్ప ఏమీ పడదు. గడ్డం దగ్గర పెట్టిందే కంటిచూపుకి దగ్గరగా ఉంటుంది.

ఫోను ఉందిగా, అదే బిగించెయ్యమనేవాళ్లూ ఉన్నారు. 2021 సెప్టెంబరులో యాపిల్ కంపెనీయే వద్దని హెచ్చరించింది. ఫోన్‌లో బొమ్మ కదలకుండా లెన్సునే అటూఇటూ జరిపే సన్నటి ఏర్పాటు ఉంటుంది. పెద్ద ఇంజన్ల అదురు హ్యాండిల్ గుండా రోజూ తగిలితే అది పాడవొచ్చు. యాక్షన్ కెమెరాల్లో మామూలుగా లెన్సు కదలదు. బొమ్మ అంచులు కత్తిరించి చిప్పే సర్దుకుంటుంది.

గడ్డం దగ్గర అంటించడం చూడ్డానికి తేలిక. మ్యాట్ హెల్మెట్లకి టేపు సరిగ్గా పట్టదు. ముందు స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, మూల నుంచి మొదలెట్టి బుడగ రాకుండా నొక్కుకుంటూ పోవాలి. ఆ తర్వాత ఒక రోజంతా కెమెరా తగిలించకూడదు. ఈ ఒక్కమాట ఎవరూ వినరు. ఊడినా రోడ్డు మీద పడకుండా నైలాన్ తాడు కడతాను. కన్నం పెట్టి స్క్రూ వెయ్యమంటే మాత్రం నా వల్ల కాదు. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్‌కి మనం తూటు పొడిచాక ఆ ముద్రకి అర్థమేముంది? కేరళ రవాణా శాఖ 2022లో హెల్మెట్ కెమెరాలే వద్దంది. వేరే రాష్ట్రం వెళ్లేవాళ్లు ఇలాంటివి ముందే కనుక్కుని వెళ్లాలి.

బిగించాక చిట్టినగర్ సొరంగంలోకి ఒకసారి వెళ్లి రమ్మంటాను. ఎండలోంచి చీకట్లోకి, మళ్లీ ఎండలోకి. బయటపడగానే ఎదురుగా అంతా తెల్లగా వెలిసిపోతుంది. ఆ తెలుపు తగ్గి ఎదుటి ఆటో నంబరు ఎంతసేపటికి కనబడుతుందో చూసుకోవాలి, పెట్టె మీద రాసిన 4కే సంగతి అక్కడ తేలిపోతుంది. రాత్రిపూట ఇంకో తంటా: వెలుతురు చాలక ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు పడుతుంది, అదురుకి వీధి దీపాలు వణుకుతాయి. అప్పుడు స్టెబిలైజేషన్ తగ్గించుకుంటేనే నయం.

ప్రకాశం బ్యారేజీ మీద గాలికి మాట ఒక్క ముక్క వినబడదు. సన్నటి మైకు తీసుకుని హెల్మెట్ లోపల, దవడ స్పాంజి వెనక దూర్చాల్సిందే. మే నెలలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కెమెరా ఆపుకోవాలి. బండి కదులుతుంటే గాలే దాన్ని చల్లబరుస్తుంది, ఆగిందా, వేడెక్కి తనే ఆగిపోతుంది. వాన సంగతీ అంతే. నీళ్లలో 10 మీటర్ల లోతుకి దిగినా ఏమీ కాని కెమెరాని పవర్ బ్యాంకు వైరు కోసం మూత తీసి తడిపి తెస్తారు.

కార్డు లెక్క కూడా చెప్పాలి. సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకి 45 జీబీ. 128 జీబీ కార్డు మూడు గంటలు రాదు. హంసలదీవి దాకా పోయి సముద్రం చూపించి, తిరుగు దారిలో నల్ల తెర చూసుకునేది దీనివల్లే.

ఈమధ్య 360 కెమెరాలు అడుగుతున్నారు. ముందు తీసేసి, ఎటు చూపించాలో ఇంటికొచ్చాక తేల్చుకోవచ్చు, పట్టుకున్న కర్ర కూడా బొమ్మలో కనబడదు. కరకట్ట మీద ఒంటరిగా పోయేవాడికి అంతకన్నా మంచిది లేదు. కాకపోతే దాని రెండు గాజులూ బయటికి ఉబ్బి ఉంటాయి. ముందు ఇసుక ట్రాక్టరు పోతుంటే ఎగిరే రేణువులకి గీతలు పడతాయి. గాజు మీద తొడిగే గార్డు అడగండి. మా దగ్గర ఎప్పుడూ ఉండదు, చెప్పిన వారానికి తెప్పిస్తాను.