శిక్ష, శిక్షకుడు

వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు ఒక సాయంకాలం పట్టుబట్టి నన్ను కూర్చుండబెట్టి 'మైదాన్' అన్న హిందీ చలనచిత్రం చూపించాడు. 2024లో విడుదలైన ఆ చిత్రం మన హైదరాబాదు వాసి, భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి కథ. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పాఠాలు చెప్పిన బడిపంతులు ఆయన. 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు గెలిచిన మన జట్లకు గురువు. రెండవ స్వర్ణం వచ్చి ఏడాదైనా తిరగకముందే, 1963 జూన్‌లో, కేన్సరుతో కన్నుమూశారు. సాటి ఉపాధ్యాయుని కథ గనుక నా కళ్లు చెమర్చాయి. మనుమడు మాత్రం చిత్రం ముగియగానే ఒక ప్రశ్న వేశాడు.

"తాతయ్యా, గోల్ కొట్టినవాళ్ల పేర్లు అందరూ చెప్పుకుంటారు. అడ్డుకున్నవాళ్ల పేర్లు ఎవరైనా చెప్పుకుంటారా?"

జర్నైల్ సింగ్ పేరు చెప్పబోయి ఆగాను. ఆయన డిఫెండరే. కాని 1962 జకార్తా ఫైనల్‌లో, తలకు కుట్లతోనే ముందు వరుసలో ఆడి దక్షిణ కొరియా మీద గోల్ కొట్టాడు. లోకం ఆయనను తలుచుకొనేది కూడ ఆ గోల్ వల్లనే! పిల్లవాడి మాటే నెగ్గింది. అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చిన పేరు సయ్యద్ నయీముద్దీన్.

1970 డిసెంబరులో నాకు పదకొండేళ్లు. మా నాయనగారు పత్రిక చేతబట్టుకొని వాకిట్లోనుండే "మన నయీమ్ పతకం తెచ్చాడు" అని కేక వేయడం ఇప్పటికీ చెవులలో ఉన్నది. నాయనగారు ఏనాడూ బంతి తన్నినవారు కారు. ఐనా ఫతే మైదానంలో సిటీ పోలీసు జట్టు ఆట ఉన్ననాడు ఆయనకు ఇంటి ధ్యాస ఉండేది కాదు. ఆ జట్టు 1950 మొదలు 1954 దాక వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన జట్టు. రహీమ్ గారు తీర్చిదిద్దిన ఆ సంప్రదాయంలో పెరిగినవాడు నయీముద్దీన్. హైదరాబాదులో పుట్టి, 1966లో కలకత్తా చేరి, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడు జట్లకూ రక్షణ పంక్తిలో నిలిచాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టుకు ఆయనే నాయకుడు. జపానును 1-0తో ఓడించి కాంస్యం తెచ్చారు. అర్జున పురస్కారమూ ఆ ఏటిదే. ఆ తర్వాత 2023లో జరిగిన హాంగ్‌ఝౌ క్రీడల దాక ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు మరొక పతకం రాలేదు.

వ్యాకరణం చెప్పి బ్రతికినవాడిని గనుక నాకు అన్నీ ఆ భాషలోనే అర్థమవుతాయి. గోల్ కొట్టినవాడు వాక్యంలో కర్త వంటివాడు. అందరి చూపూ వాని మీదనే. డిఫెండర్ విభక్తి ప్రత్యయం వంటివాడు. ఉన్నంతసేపు ఎవరికీ కనబడడు. తప్పుకుంటే వాక్యమే కూలిపోతుంది. ముందు వరుసవాడు పదిసార్లు గురి తప్పి ఒక్కసారి కొట్టినా జేజేలు అందుకుంటాడు. వెనుక నిలిచినవాడు పదిసార్లు అడ్డుకొని ఒక్కసారి తప్పితే ఆ ఒక్కటే లెక్కకు వస్తుంది.

అటువంటివారు మంచి శిక్షకులు కావడంలో వింత లేదనిపిస్తుంది. వెనుక నిలబడ్డవానికి మైదానమంతా కనబడుతుంది. తన బంతితోపాటు పదిమంది నడకనూ కనిపెట్టి ఉండడం వాని పని. నయీముద్దీన్ శిక్షణలోనే ఈస్ట్ బెంగాల్ 1990లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండు, రోవర్స్ మూడింటినీ ఒకే ఏట గెలిచింది. ద్రోణాచార్య పురస్కారం ఒక ఫుట్‌బాల్ శిక్షకునికి మొట్టమొదట దక్కింది ఆయన ద్వారానే, 1990లోనే. ఆయన శిక్షకుడుగా భారత జట్టు 1997లో ఖాట్మండులోను, 2005లో కరాచీలోను దక్షిణాసియా విజేత అయింది. క్రమశిక్షణ విషయంలో రాజీ ఎరుగడని ఆయనకు పేరు. ఆ పేరు ఓటమినాడు ఎవరినీ కాపాడదు. 2006లో ఆసియా కప్ అర్హత పోటీలలో జపాను 6-0తోను, యెమెన్ 3-0తోను ఓడించాక ఆ బాధ్యత బాబ్ హౌటన్ చేతికి వెళ్లింది. డిఫెండర్ బ్రతుకు శిక్షకుడైనా మారలేదన్నమాట!

ఇంతవరకు చెప్పినది పిల్లవాడికి చెప్పిన కథ. వాడికి చెప్పనిది ఒకటి ఉన్నది.

మిత్రులారా, 'శిక్ష' అన్న మాట ఎంత చిత్రమైనదో చూడండి. షడంగాలలో ఒకటైన శిక్ష అక్షరాన్ని ఎట్లా పలకాలో నేర్పే శాస్త్రం. ధాతువునకు నేర్చుకొనుట అనియే అర్థం. మన వాడుకలో అది దండన కూడ అయింది. ముప్ఫై మూడేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసిన నేను ఈ వ్యుత్పత్తిని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. నాకు మాత్రం ఆలస్యంగా తెలిసింది.

1990ల చివరి మాట. సికింద్రాబాదు వైపు ఒక ఉన్నత పాఠశాలలో పదవ తరగతికి నేను క్లాస్ టీచరుని. ఆ తరగతిలో ఒక పిల్లవాడు పాఠశాల జట్టులో 'బ్యాక్' ఆడేవాడు. తెల్లవారుజామున సాధన, ఆపై బురద కాళ్లతో పరుగెత్తుకొని బడికి. నా మొదటి పీరియడుకు నిత్యమూ పది నిముషాలు ఆలస్యం. నేను నిత్యమూ వాణ్ని తలుపు బయటనే నిలబెట్టాను. తెలుగులో మార్కులు రాక, రాకకు నేనే అడ్డుపడ్డానన్న ఆలోచన రాక, అంతర పాఠశాలల సెమీఫైనల్‌కు వాడి అనుమతి పత్రం మీద సంతకం చేయనన్నాను. "ముందు సంధులు నేర్చుకో, తర్వాత బంతి" అన్నాను. వ్యాయామోపాధ్యాయుడు రెండుసార్లు బ్రతిమాలాడు. నేను కదలలేదు. జట్టు మూడు గోల్స్ తేడాతో ఓడింది.

మరునాడు వాడు సమయానికే వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, సంధులు చదివిన. అడుగుండ్రి."

అడిగాను. మహోన్నతం, మహర్షి, దేవేంద్రుడు, అన్నీ తడుముకోకుండా విడదీసి చెప్పాడు. కళ్లలో కోపం లేదు. అదే నన్ను ఇన్నేళ్లుగా బాధించింది. ఆ వేసవిలో వాడు తెలుగులో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ ఏడు తర్వాత మరి బడి జట్టు లేదు గదా వాడికి!

మొన్న శీతకాలంలో ఉదయపు నడకకు వెళ్లినప్పుడు ఒక మైదానంలో ఈల వినిపించింది. ముప్ఫైమంది పిల్లలు, మధ్యలో నెరిసిన గడ్డంతో ఒక మనిషి. నన్ను చూడగానే ఈల జేబులో వేసుకొని పరుగెత్తుకొని వచ్చి, "సార్, గుర్తువట్టిండ్రా?" అని కాళ్లకు మొక్కాడు. గుర్తుపట్టకేం! పగలు ఏదో ఉద్యోగం, ఉదయాలు ఈ పిల్లలకు ఉచితంగా శిక్షణ.

మేము మాట్లాడుతుండగానే ఒక పిల్లవాడు రొప్పుతూ ఆలస్యంగా వచ్చి గీత బయట ఆగిపోయాడు. నా గుండె ఒక్కసారి దడదడలాడింది. అతడు వాని వైపు తిరిగి, "బయట నిలవడితే ఏమొస్తదిరా? లోపల్కి రా. ఆట అయినంక ఓ రెండు రౌండ్లు ఎక్కువ ఉరుకుదువు" అన్నాడు.

శిక్ష తప్పలేదు. కాని లోపలికి పిలిచి వేశాడు. నేను ముప్ఫై మూడేళ్లు చెప్పిన అర్థం అతడు ఒక్క వాక్యంలో చేసి చూపాడు.

ఆనాటి సంతకం సంగతి ఎత్తాను. క్షమాపణ వంటిదేదో అనబోయాను. అతడు నవ్వి, "ఆ మ్యాచ్ పోతే పోయింది సార్. ఈ పోరలకు తెలుగు జర వీకుంది, పరీక్షలకు ముందు వచ్చి చెప్తరా?" అని అడిగాడు. ఆదివారాలు వెళుతున్నాను. మైదానం అంచున, గీతకు లోపలే, చాప వేసుకొని కూర్చుంటాం.

మనుమడికి ఈసారి సెలవులలో చెప్పవలసిన రెండవ పేరు నాకు దొరికింది. అది పత్రికలలో లేదు గనుక ఇక్కడ వ్రాయను.