అటక మీది బొంత

మన ఇళ్లల్లో బొంతకు మర్యాద లేదు. చంటిపిల్లల కింద పరుస్తాం, ఇస్త్రీకి మడతపెడతాం, చివరకు వానజల్లు కొట్టే కిటికీలో కుక్కుతాం. ఇది ఎవరు కుట్టారమ్మా అని ఎవరైనా అడగ్గా మీరు విన్నారా?

మా అమ్మ కుట్టిన బొంత ఒకటి మా రెజిమెంటల్ బజార్ ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా అటక మీదనే ఉంది. ఇల్లు ఖాళీచేసి అపార్టుమెంటుకు మారాలనుకున్నప్పుడు, పారేయవలసిన సామాను జాబితాలో మొదటి పేరు దానిదే. కోడలి తప్పేమీ లేదు. రెండు గదుల్లో పిల్ల ఎన్నని సర్దుకుంటుంది? పైగా అదేమీ సాలార్‌జంగు మ్యూజియంలో పెట్టదగిన వస్తువు కాదాయె.

సరిగ్గా ఆ రోజుల్లో మా అమ్మాయి కొడుకు ఒహాయోనుంచి సెలవులకు వచ్చాడు. పదకొండేళ్లవాడు. బొంత చూస్తూనే, “అమ్మమ్మా, ఇలాంటివి మా దగ్గర కొట్టాల మీద ఉంటాయి!” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. బొంతను కొట్టం మీద ఎవరు ఆరేస్తారు?

సంగతేమిటంటే, అక్కడ ఆడమ్స్ కౌంటీ అని ఒకటుంది. అక్కడి డోనా సూ గ్రోవ్స్ అనే ఆవిడ తల్లి మాక్సీన్ బొంతలు కుట్టడంలో గొప్ప నేర్పరి. పొగాకు ఆరబెట్టే తమ పాత కొట్టానికి నీ పేరిట ఒక బొంత గడి రంగుల్లో వేయిస్తానే అమ్మా అని కూతురు ఏళ్ల తరబడి అంటూ వచ్చిందట. చివరకు 2001లో నలుగురూ కలిసి వచ్చేసరికి పని పెద్దదైంది. ‘ఒహాయో నక్షత్రం’ అనే మొదటి గడి వేరొకరి తోటలో వెలిసింది! ఇలాంటి గడులు సాధారణంగా ఎనిమిదడుగుల చదరం ఉంటాయి. ఇప్పుడు ఎన్నో రాష్ట్రాల్లో జనం కార్లు వేసుకుని ఆ బొమ్మల దారి వెంబడి తిరుగుతారు.

ఆ దారుల్లోనే మావాడు ‘జియోకాషింగ్’ ఆడతాడు. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపిన తేడాను తీసేసింది. ఆ వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో ఒక బకెట్టు దాచి, అక్షాంశ రేఖాంశాలు చెప్పి, వెతుక్కోమన్నాడు. అందులో చిక్కుడుగింజల డబ్బా కూడా ఉందట, ఎవరికోసమో! కనుక్కున్నవాళ్లు అందులోని పుస్తకంలో పేరు రాయాలి. ఏదైనా తీసుకుంటే అంతకు తగ్గనిది పెట్టాలి.

“ఇక్కడా ఒక డబ్బా దాచేద్దాం” అన్నాడు. నా గుండె గుభేలుమంది. పక్కనే రైల్వేస్టేషను. దిక్కులేని డబ్బా కనిపిస్తే పోలీసులు రారూ?

“డబ్బా వద్దురా, ఈ బొంతే పటం అనుకో” అన్నాను. ముక్క చూపి ఆనవాలు చెప్పడం నా వంతు, చోటు కనుక్కోవడం వాడి వంతు. తెల్లపూల చీటీగుడ్డ నా బడి గౌనుది. గడియార స్తంభం చూసుకుంటూ బడికి పరుగెత్తిన గౌను. ఆ స్తంభం 1897నాటిదని వాడే ఫోనులో చూసి చెప్పాడు. బొంతంతా కుట్టిన ఎర్రదారం మోండా మార్కెట్టుది. అమ్మ బేరమాడి కొన్నది.

ఆకుపచ్చ ముక్క దగ్గర చిక్కొచ్చింది. అమ్మ కొత్తకోడలిగా రైలు దిగిననాటి చీర అది. స్టేషను 1874నాటిదే గాని, నేనెరిగిన కమాన్ల భవనాన్ని 2025లో కూల్చేశారు. “మరి ఎక్కడ దిగింది?” అన్నాడు. చెయ్యి చాపి గాలిలో చూపించాను. వాడు కాసేపు అటే చూసి, ఫోనులో ఏదో గుర్తు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం కోడలు బొంత మడతపెడుతూ ఆగింది. “అత్తయ్యా, ఈ ఖాకీ ముక్క ఎవరిది?” మా నాన్నగారి చొక్కా అని చెప్పాను. ఆయన్ను తను చూడలేదు. ఎలా ఉండేవారు, ఏం చేసేవారు అని అడుగుతూ అన్నం వేళ దాటించింది.

కొత్త ఇంట్లో బొంత ఇప్పుడు నా మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంది. మావాడు వెళ్తూ దాని మడతలో చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టి, మొదటి వరుసలో పేరూ తేదీ రాశాడు. రెండో పేరు మా కోడలిది.