అరుగుకి డచ్చిలో ఏమంటారు?

మా చెల్లెలు నెదర్లాండ్స్‌లో, లైడెన్ అనే ఊళ్ళో ఉంటోంది. పెళ్ళయి వెళ్ళిన కొత్తలో "ఈ భాష గొంతులో ముల్లు దిగినట్టుందే అక్కా" అని ఏడ్చిన పిల్ల, ఇప్పుడు అక్కడి పాత ఇళ్ళ గురించి డచ్చిలో ఉన్న రాతల్ని టూరిస్టుల కోసం ఇంగ్లీషులోకి మారుస్తోంది. ఆదివారం ఫోన్లో ముందు కూరల కబుర్లు, తర్వాత మాటల గొడవ. బి.ఏ. తెలుగు చదివి పోపులపెట్టెకే అంకితమైన నాకు ఆ రెండోదే ఇష్టం.

అక్కడి ఇళ్ళ ముందుగోడ పైభాగాన్ని రకరకాల ఆకారాల్లో కడతారట. మెట్లు మెట్లుగా ఉంటే ట్రాప్‌ఖేఫెల్. ట్రాప్ అంటే మెట్లు, ఇంగ్లీషు ట్రాప్ అనుకుంటే బోనులో పడ్డట్టే. గంట ఆకారంలో ఉన్నది క్లోక్‌ఖేఫెల్. క్లోక్ అంటే గంటా అవుతుంది, గడియారమూ అవుతుంది. మావాళ్ళమ్మాయి మొదట్లో గడియారమనే రాసేసింది. ఎవరో దిద్దబట్టి సరిపోయింది గానీ, లేకపోతే టూరిస్టులు పాపం తలెత్తి టైము కోసం వెతుక్కునేవాళ్ళు. నవ్వాను గానీ మన గంట మాత్రం తక్కువదా? గుళ్ళో మోగేదీ గంటే, అరవై నిమిషాలూ గంటే.

తర్వాత స్టూప్. ఇప్పటి వాడుకలో ఫుట్‌పాత్, పాత ఇళ్ళ దగ్గరైతే వీధి తలుపు ముందు ఎత్తుగా కట్టిన రాతి వేదిక. "అరుగు కదే!" అన్నాను. వలస వెళ్ళిన డచ్చివాళ్ళతో ఆ మాట అమెరికా చేరిందట. న్యూయార్కులో ఇంటి ముందు మెట్లని ఇప్పటికీ స్టూప్ అనే అంటారు. మా పిల్లలకి మాత్రం అరుగంటే ఏమిటో ఫొటో చూపించి చెప్పాల్సొచ్చింది.

పోయిన ఆదివారం హోఫ్యే దగ్గర ఆగిపోయింది. మధ్యలో తోట, చుట్టూ చిన్న చిన్న ఇళ్ళు, వీధిలోకి ఒకటే గేటు. ఎక్కువగా దిక్కులేని ముసలివాళ్ళ కోసం, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం, డబ్బున్నవాళ్ళు కట్టించినవి. లైడెన్‌లోనే 30కి పైగా ఉన్నాయి. ఇంగ్లీషులో ఆమ్స్‌హౌస్ అని రాస్తారు. అది దానం సంగతి చెబుతుంది, తోట సంగతి చెప్పదని దాని బాధ. హోఫ్ అంటే ముంగిలి, చివర 'యే' ముద్దుకి.

"చిన్న లోగిలి అను" అన్నాను.

ఫోను స్పీకర్లో ఉంది. పక్క గదిలో అమ్మ వింటోందని మర్చిపోయాను. నాన్న పోయాక ఊళ్ళో మండువా ఇంటికి తాళం వేసి మా ఫ్లాటుకి తెచ్చుకున్నాం. ఏడాదైంది. ఈమధ్యే అక్కాచెల్లెళ్ళం అమ్మకి తెలియకుండా ఊరి చివరి వృద్ధాశ్రమం ఒకటి చూసి, ఫీజులూ అవీ మాట్లాడుకున్నాం. తెలియలేదనుకున్నాం.

"ఒక్కొక్కళ్ళకీ వేరే తలుపుందా?" అంది అమ్మ గుమ్మంలోకొచ్చి.

"ఉందమ్మా. ఎవరి తలుపు వాళ్ళది, తోటలోకి తెరుచుకుంటుంది."

"లోపల గడియ వేసుకోవచ్చా?"

"వేసుకోవచ్చు."

"అయితే అది ఆశ్రమం కాదే, ఇల్లు. అలాగే రాయి" అని వెళ్ళి చిక్కుడుకాయలు ఈనె తీస్తూ కూర్చుంది.

చెల్లి చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి మెసేజ్ పెట్టింది. హోఫ్యేని హోఫ్యేగానే ఉంచి, పక్కన ఎవరి వాకిలి వాళ్ళకున్న చిన్న ఇళ్ళు అని రాసిందట.

నేనింకా ఆశ్రమంవాళ్ళకి ఫోన్ చేయలేదు. ఊరింటి తాళంచెవులు మాత్రం బీరువాలోంచి తీసి అమ్మ మంచం పక్కన పెట్టాను.